గొలుసు చెరువులకు డబ్బాలు పెట్టాం, ఒక్కటి చచ్చిపోతే అన్నీ మూగబోయాయి. చీమల పద్ధతి పనికొస్తుందా?

పాకాల_పోరడు
జూన్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) డిప్లొమా చేసి హన్మకొండలో ఇన్వర్టర్లు, సోలార్ బోర్డులు రిపేర్ చేస్తుంటాను.

మా దగ్గర ఐదు చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు రెండో చెరువుకు, అది దుంకితే మూడో దానికి, అట్లా కిందికి. పైన మత్తడి పడిన సంగతి కింది ఊరికి ముందే తెలిస్తే మోటార్లు, పైపులు తీసుకోవచ్చు, గొర్లను వాగు దాటించకుండా ఆపొచ్చు. అందుకని పోయిన వానాకాలం నేనూ మా తమ్ముడూ కలిసి ఒక్కో మత్తడి దగ్గర ఒక్కో డబ్బా పెట్టాం. లోపల నీటిమట్టం చూసే అల్ట్రాసోనిక్ సెన్సార్, ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, తక్కువ కరెంటుతో దూరం పలికే లోరా రేడియో, ఒక 18650 బ్యాటరీ సెల్లు. పైన అరచేతంత సోలార్ ప్లేటు. 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండుకు మన దేశంలో లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి సిమ్ కార్డు ఖర్చు కూడా లేదు. ఒకటో డబ్బా రెండోదానికి చెప్తుంది, రెండోది మూడోదానికి, అట్లా ఐదు దాటి మా ఇంటి డాబా మీదికి.

ఆగస్టులో ఒకరోజు రాత్రంతా వాన. మూడో డబ్బా పలకలేదు. రెండోది దాన్ని పిలుస్తూనే ఉంది, జవాబు రాదు, మళ్లీ పిలుస్తుంది. తెల్లారేసరికి రెండోదాని బ్యాటరీ కూడా అయిపోయింది. పైన రెండు చెరువులూ మత్తడి పడ్డాయి, మాకు ఒక్క మెసేజ్ రాలేదు. ఐదో చెరువు శిఖంలో, అంటే నీళ్లు తగ్గితే బయటపడే చెరువు నేలలో, మూడు మోటార్లు మునిగాయి. అందులో ఒకటి మా చిన్నాయనది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

నీళ్లు తగ్గాక పోయి మూడో డబ్బా విప్పాను. వైరు పోయే రంధ్రానికి నేను సీలు వేయలేదు. లోపల రెగ్యులేటర్ పక్కన వెచ్చటి మూలలో నల్ల చీమలు, తెల్లటి గుడ్లతో సహా. బోర్డు మీద పచ్చటి చిలుము. డబ్బాను కట్ట మీద దులిపి అక్కడే కూర్చున్నాను. అరగంటలో ఆ చీమలు రాళ్ల మధ్య ఒక సందు వెతుక్కుని, గుడ్లు నోట కరుచుకుని వరుస కట్టాయి. దారికి అడ్డంగా నా తువ్వాల పెట్టాను. కాసేపు చిందరవందర అయ్యాయి, తర్వాత తువ్వాల అంచు వెంబడి కొత్త వరుస తయారైంది. చెప్పేటోడు ఎవరూ లేడు. గూడు మొత్తం చెదిరినా వాటి పని ఆగలేదు, నావి ఒక్క డబ్బా పోతే ఐదూ ఆగాయి.

చీమలను చూసి రాసిన నెట్‌వర్క్ పద్ధతులు ఉన్నాయని చదివాను. ఎవరైనా చేసి చూశారా? ఈ వానాకాలానికి ముందే సరిచేయాలి.

కోడ్_ఖిల్లా
జూన్ 2, రాత్రి 10:25

అన్నా, నేను వరంగల్‌లోనే నెట్‌వర్క్స్ మీద రీసెర్చ్ చేస్తున్నాను. మీరు సరైన చోటే వెతుకుతున్నారు.

దీనికి మొదలు మార్కో డొరిగో. 1992లో మిలాన్‌లో పీహెచ్‌డీ థీసిస్‌గా చీమల పద్ధతి రాశాడు. చీమ నడిచిన దారిలో ఒక వాసన పదార్థం, ఫెరోమోన్, వదులుతుంది. వెనక వచ్చే చీమ వాసన ఎక్కువున్న దారిని ఎక్కువసార్లు ఎంచుకుంటుంది. దగ్గరి దారిలో పోయినవి త్వరగా తిరిగొస్తాయి కాబట్టి ఆ దారిలో వాసన త్వరగా చిక్కబడుతుంది. అంతే. మొత్తం మ్యాపు ఏ చీమ దగ్గరా ఉండదు.

1998లో జియానీ డి కారో, డొరిగో కలిసి దీన్ని నెట్‌వర్క్‌లోకి తెచ్చారు. దాని పేరు యాంట్‌నెట్. చిన్న చిన్న ప్యాకెట్లను చీమల్లాగా అప్పుడప్పుడు పంపుతుంటారు. పోయేటప్పుడు ఎంతసేపు పట్టిందో గుర్తుపెట్టుకుంటాయి. తిరిగొచ్చేటప్పుడు దారిలో ఉన్న ప్రతి నోడు, అంటే మీ డబ్బాలాంటి ప్రతి పరికరం, టేబుల్‌లో మార్కులు మారుస్తాయి. అసలు మెసేజ్‌లు ఆ మార్కులను బట్టి పోతాయి. తర్వాత కదిలే వైర్‌లెస్ నోడ్ల కోసం యాంట్‌హాక్‌నెట్ అని కూడా చేశారు. మీకు అది సరిపోతుందని నా ఉద్దేశం. కోడ్ రాయడానికి నేను సాయం చేస్తాను.

శారద_జువాలజీ
జూన్ 3, ఉదయం 6:50

బాబూ, మీ తువ్వాల సంగతి చదివి చాలా సంతోషమైంది. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పాను. వీళ్లలో ఒక్కరైనా కట్ట మీద అరగంట కూర్చుని చీమలను చూస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

కోడ్_ఖిల్లా చెప్పింది సరైనదే, కానీ అసలు కిటుకు ఒకటి వదిలేశారు. ఫ్రాన్స్‌లో పియేర్ పాల్ గ్రాస్సే అనే ఆయన చెదపురుగులు పుట్ట ఎలా కడతాయో చూసి 1959లో స్టిగ్మర్జీ అనే మాట పెట్టాడు. ఒక పురుగు ఇంకో పురుగుతో మాట్లాడదు. అది చేసిన పనే తర్వాతి దానికి సూచన. మట్టి ఉండ ఎక్కడ ఉందో అక్కడే ఇంకో ఉండ పెట్టబుద్ధవుతుంది. కబురు పురుగుల నోట్లో లేదు, నేల మీద ఉంది.

ఇక వంతెన ప్రయోగం. బెల్జియంలో డెనూబూర్, గాస్ వాళ్లు గూటికీ తిండికీ మధ్య రెండు దారులు పెట్టారు, ఒకటి రెండోదానికి రెట్టింపు పొడవు. చీమలన్నీ కాసేపట్లో పొట్టి దారికి వచ్చాయి. అందరూ ఇక్కడితో కథ ఆపేస్తారు. అసలు విషయం దాని తర్వాత ఉంది. మొదట పొడుగు దారి ఒక్కటే ఇచ్చి, అరగంట తర్వాత పొట్టి దారి తెరిచారు. చాలా చీమలు పొడుగు దారినే పట్టుకుని పోయాయి! ఎందుకంటే పాత వాసన అంత త్వరగా ఆరిపోదు. చీమలు కూడా పాత అలవాటులో ఇరుక్కుంటాయి.

డొరిగో వాళ్లు చేసిన తెలివైన పని ఏమిటంటే, కంప్యూటర్‌లో వాసన త్వరగా ఆరిపోయేలా పెట్టారు. ప్రకృతి చేసినట్టే చేయలేదు, ప్రకృతిలో తక్కువున్న దాన్ని పెంచుకున్నారు. మీ రెండో డబ్బాకు లేనిది అదే. అది మర్చిపోలేకపోయింది. మూడోదాన్ని తెల్లవార్లూ పిలుస్తూ కూర్చుంది.

పాకాల_పోరడు
జూన్ 3, ఉదయం 7:15

మేడం, మీ చివరి మాట నాలుగుసార్లు చదివాను. మర్చిపోవడం కూడా కోడ్‌లో రాయాలని నాకు తట్టనే లేదు.

మిరప_చేను
జూన్ 3, మధ్యాహ్నం 1:30

పరకాల వైపు మాది. మా తాత నీరటి. తూము తీసుడు, మూసుడు, ఎవరి మడికి ఎంతసేపు అని చూసుడు ఆయన పని. ఆయనకు ఫోను లేదు, గడియారం కూడా లేదు.

తమ్మీ, నువ్వు డబ్బాలు పెట్టక ముందు నుంచే ఆ చెరువులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి. కాలువలో ఆకులు, నురుగు కొట్టుకొస్తే పైన మత్తడి పడబోతోందని మా తాత చెప్పేవాడు. నీళ్ల రంగు మారితే ఏ వైపు వాన పడ్డదో చెప్పేవాడు, ఎర్రమట్టి నీళ్లా, నల్లరేగడి నీళ్లా అని. మేడం చెప్పిన మాట అదే కదా, కబురు నోట్లో లేదు, నీళ్లల్ల ఉంది.

కాకతీయుల కాలం నుంచి ఈ గొలుసు ఇట్లనే నడిచింది. ప్రతి చెరువుకు తెలిసింది ఒక్కటే, నా మత్తడి ఎత్తు ఇంత, నిండితే కిందికి వదులు. పై నుంచి ఒక్కడు కూర్చుని అన్నీ నడిపించలేదు. కానీ ఒక్క కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారి కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. గొలుసుకు ఉన్న బలహీనత అది. నీ డబ్బాలను కూడా గొలుసు లెక్క కట్టినవు. నీళ్లకు వేరే దారి లేదు, కిందికే పోవాలె. మాటకు ఆ కష్టం లేదు కదా.

టవర్_మీదోడు
జూన్ 3, రాత్రి 8:05

పైన అన్న చెప్పిన మాట బంగారం. మాటకు ఒక్క దారే ఎందుకు?

నేను టవర్ల మెయింటెనెన్స్‌లో పదకొండేళ్లు పనిచేశాను. మేడారం జాతరకు రెండేళ్లకోసారి డ్యూటీ పడేది. అడవిలో మామూలు రోజుల్లో నాలుగు ఊర్ల ఫోన్లు ఉండే చోటికి నాలుగు రోజుల్లో లక్షలకు లక్షల మంది వస్తారు. చక్రాల మీద తాత్కాలిక టవర్లు తెచ్చి పెడతాం. పాత రోజుల్లో ప్రతి టవరుకు పక్కింటి లిస్టు చేత్తో టైప్ చేసేవాళ్లం, నీ పక్కన ఫలానా ఫలానా సెల్లులు ఉన్నాయి అని. లిస్టులో ఒక్క పేరు తప్పినా, ఆ వైపు నడుచుకుంటూ పోయే మనిషి కాల్ కట్. జాతరలో పిల్ల తప్పిపోయిందని తల్లి ఏడుస్తూ ఫోన్ చేస్తుంటే కాల్ తెగితే ఎట్లుంటది, నా కళ్లతో చూశాను.

4జీ వచ్చాక ఇది మారింది. మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రాసే 3జీపీపీ వాళ్లు 2008 నాటి రిలీజ్ 8లోనే సెల్ఫ్ ఆర్గనైజింగ్ నెట్‌వర్క్, అంటే తనను తానే సర్దుకునే నెట్‌వర్క్, అని పెట్టారు. ఇప్పుడు లిస్టు టవరే రాసుకుంటుంది. జనం చేతిలోని ఫోన్లు తమకు ఏ ఏ సెల్లులు వినబడుతున్నాయో చెప్తుంటాయి, టవర్ దాన్ని బట్టి పక్కింటివాళ్లను గుర్తుపడుతుంది. ఎవరూ వాడని పేరును లిస్టులోంచి తీసేయొచ్చు కూడా. ఒక టవర్ పడిపోతే పక్క టవర్లు పవర్, యాంటెన్నా వంపు మార్చుకుని ఆ ఖాళీని కొంత కప్పుతాయి.

తమ్ముడూ, నీ డబ్బాకు పక్కింటివాడి పేరు నువ్వు చెప్పకు. దాన్నే వినమను.

కోడ్_ఖిల్లా
జూన్ 3, రాత్రి 11:10

నిన్న నేను చెప్పినదాన్ని సరిదిద్దుకుంటున్నాను. రాత్రి లెక్క వేసుకుని చూశాను. ఐదు నోడ్లకు యాంట్‌హాక్‌నెట్ అనవసరం. దారి వెతికే చీమ ప్యాకెట్లే అసలు మెసేజ్‌ల కంటే ఎక్కువ బ్యాటరీ తింటాయి. లోరాలో స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ను ఎంత సాగదీసి పంపాలనే సెట్టింగు) ఒక మెట్టు పెంచితే దూరం పెరుగుతుంది కానీ అదే మెసేజ్ గాల్లో ఉండే సమయం దాదాపు రెట్టింపు అవుతుంది. ప్రతి ప్యాకెట్ లెక్కే.

చీమల నుంచి రెండే తీసుకుందాం, పక్కవాళ్లకు మార్కులు, ఆ మార్కులు ఆరిపోవడం. ప్రతి డబ్బా తనకు ఎవరు వినబడ్డారో రాసుకుంటుంది, వినబడినప్పుడల్లా మార్కు వందకు చేరుతుంది. ప్రతి పది నిమిషాలకు ఆ మార్కులో పదోవంతు తగ్గుతుంది. 100, 90, 81, అట్లా. ఏడోసారికి సగం కంటే కిందికి పోతుంది. చచ్చిపోయిన డబ్బా తనంతట తానే లెక్కలోంచి జారిపోతుంది, ఎవరూ తీసేయక్కర్లేదు.

మెసేజ్ పంపడానికి దారి కూడా అక్కర్లేదు. అందరూ వింటారు, విన్నవాళ్లు కాసేపు ఆగి తిరిగి చెప్తారు. ఆగినంతసేపట్లో ఇంకొకరు అదే చెప్పేస్తే ఊరుకుంటారు. సిగ్నల్ బలహీనంగా విన్నవాడు, అంటే దూరంగా ఉన్నవాడు, ముందు చెప్పాలి, అప్పుడు మాట ఎక్కువ దూరం పోతుంది. మెష్‌టాస్టిక్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో దాదాపు ఇదే పద్ధతి.

ఇంకోటి, ట్రికిల్, ఎంతసేపటికోసారి మాట్లాడాలో తేల్చే పద్ధతి. 2011లో ఆర్ఎఫ్‌సీ 6206 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చింది. మార్పేమీ లేకపోతే మాట్లాడే వ్యవధిని రెట్టింపు చేసుకుంటూ పో. నిమిషం, రెండు, నాలుగు, ఎనిమిది, అట్లా 64 నిమిషాల దాకా. ఏదైనా మారినట్టు తెలిస్తే మళ్లీ నిమిషానికి రా. ఎండాకాలమంతా డబ్బాలు నిద్రపోతాయి, వాన రాత్రి గడగడా మాట్లాడతాయి.

కాజీపేట_సిగ్నల్
జూన్ 4, ఉదయం 5:40

రైల్వే సిగ్నల్ విభాగంలో 34 ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను. కోడింగ్ నాకు రాదు. ఒక్కటి అడుగుతాను, పిల్లలు ఏమనుకోవద్దు.

డబ్బా మాట్లాడకపోతే అర్థం ఏమిటి? అంతా బాగుందనా, లేక చచ్చిపోయిందనా?

మా పనిలో మొదటి రోజు నేర్పేది ఇదే. వైరు తెగినా, కరెంటు పోయినా, రిలే పడిపోయినా సిగ్నల్ ఎర్రగానే ఉండాలి. ఏదీ తెలియనప్పుడు ప్రమాదం ఉన్నట్టే లెక్క. మీ ట్రికిల్‌లో 64 నిమిషాలు మౌనంగా ఉంటే ఊళ్లోవాళ్లు హాయిగా ఉందనుకుంటారు. ఆ బాబు ఆగస్టులో చేసిన తప్పు సీలు వేయకపోవడం ఒక్కటే కాదు. మెసేజ్ రాలేదు కాబట్టి మత్తడి పడలేదని అనుకోవడం రెండో తప్పు. అతని ఇంట్లో ఒక ఎర్ర లైటు వెలిగి ఉంటే మోటార్లు దక్కేవి.

టవర్_మీదోడు
జూన్ 4, ఉదయం 7:00

సార్, మా దగ్గర దీన్ని స్లీపింగ్ సెల్ అంటారు. అలారం ఏమీ ఉండదు, స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉంటది, ఒక్క కాల్ మాత్రం పోదు. జనం వచ్చి తిడితేనే తెలుస్తది. అన్నింటికంటే చెడ్డ రోగం అది.

కోడ్_ఖిల్లా
జూన్ 4, ఉదయం 9:20

కాజీపేట సార్, మీ ప్రశ్న మీద పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను. ఇట్లా చేస్తే ఎలా ఉంటుందో చూడండి.

ట్రికిల్‌లో వ్యవధికి ఒక గరిష్ఠం ఉంది. 64 నిమిషాలు పెడితే, రెండు గంటల పైన మౌనంగా ఉన్న డబ్బా చచ్చినట్టే. డాబా మీద దాని లైటు ఎర్రగా మారాలి. పచ్చ లైటు కావాలంటే డబ్బా బతికున్నానని చెప్పుకోవాలి, ఊరికే రాదు.

కాజీపేట_సిగ్నల్
జూన్ 4, ఉదయం 9:45

ఎండాకాలానికి సరే. వాన రాత్రి రెండు గంటలు చాలా ఎక్కువ. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి రాత్రి రెండు గంటల్లో ఏం మిగులుతుంది?

కోడ్_ఖిల్లా
జూన్ 4, ఉదయం 10:30

నిజమే సార్. అయితే ఒకరి మార్పు అందరినీ లేపాలి. ఏ ఒక్క చెరువులో నీళ్లు జానెడు పెరిగినా ఆ మాట విన్న ప్రతి డబ్బా నిమిషం వ్యవధికి వచ్చేస్తుంది, గొలుసంతా మేలుకుంటుంది. అప్పుడు పది నిమిషాలు పలకకపోతే ఎర్ర లైటు. మామూలు రోజుల్లో రెండు గంటలు, వాన రోజుల్లో పది నిమిషాలు. మౌనానికి అర్థం వాతావరణాన్ని బట్టి మారుతుంది. మార్కులు ఆరే వేగం కూడా దాంతోపాటే మారాలి. లేకపోతే ఎండాకాలం గంటకోసారి పలికే మంచి డబ్బా కూడా లెక్కలోంచి జారిపోతుంది. నిన్న నేను చెప్పిన పది నిమిషాల లెక్క వాన రోజులకే పెట్టుకోండి.

ఇంకో జాగ్రత్త. ట్రికిల్‌లో పక్కవాళ్లు అదే చెప్తే మనం ఊరుకోవచ్చనే నియమం ఉంది. దాన్ని వేరేవాళ్ల మెసేజ్‌లు అందించడానికే వాడాలి. తన నీటిమట్టం తాను చెప్పే విషయంలో ఏ డబ్బా ఊరుకోకూడదు.

కాజీపేట_సిగ్నల్
జూన్ 4, ఉదయం 10:50

ఇప్పుడు ఒప్పుకుంటాను.

అడవి_తేనె
జూన్ 5, రాత్రి 8:30

మాది ఏటూరునాగారం దగ్గర. తేనె తీయడం మా ఇంటి పని. పెద్ద తేనెటీగల తుట్టెలు ఎత్తయిన చెట్ల కొమ్మలకు వేలాడుతుంటాయి, పైకప్పు గోడ ఏమీ ఉండవు. ఈగల నాట్యం కూడా ఆ తుట్టె బయటి వైపునే, కింద నిలబడి చూస్తే కనబడుతుంది. పూలు ఎటున్నాయో, ఎంత దూరమో ఆ నాట్యంలో చెప్తాయని కార్ల్ ఫాన్ ఫ్రిష్ కనిపెట్టాడు. ఆయనకు 1973లో నోబెల్ వచ్చింది. నేను ఆయన గురించి చదివింది తర్వాత. చిన్నప్పుడు మా నాయన వేలు పెట్టి చూపించింది ముందు.

మీరు మాట్లాడుకుంటున్న దాంట్లో ఒకటి నాకు కలవరంగా ఉంది. ఒకే మాట రెండు దారుల్లో వస్తే డాబా మీది పెట్టె దాన్ని ఇద్దరు చెప్పినట్టు లెక్కేస్తుందా? తేనెటీగలు అట్లా చేయవు. గుంపు కొత్త చోటుకు పోవాల్సినప్పుడు కొన్ని ఈగలు ముందు పోయి చెట్టు తొర్రలు చూసి వస్తాయి. అమెరికాలో థామస్ సీలీ ఏళ్ల తరబడి వాటికి రంగు చుక్కలు పెట్టి చూశాడు. నాట్యం చూసిన ఈగ వెంటనే ఒప్పుకోదు. తానూ ఎగిరిపోయి ఆ తొర్రను తన కళ్లతో చూసి వచ్చాకనే నాట్యం చేస్తుంది. పైగా ఎంత మంచి తొర్ర అయినా, తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ ఈగ నాట్యం కొంత తగ్గిస్తుంది. కొత్తగా చూసి వచ్చేవాళ్లు లేకపోతే ఆ మాట దానంతటదే చల్లారుతుంది. తప్పు మాట ఎక్కువ సేపు బతకదు.

చూసి వచ్చిన మాట వేరు, విన్న మాట వేరు. మీ డబ్బాలకు ఆ తేడా తెలియాలి.

పాకాల_పోరడు
జూన్ 5, రాత్రి 9:10

అక్కా, ఇది నేను అసలు చూసుకోలేదు. ప్రతి మెసేజ్‌కు పుట్టిన డబ్బా నంబరు, వరుస నంబరు రెండూ పెడతాను. అవే నంబర్లు మళ్లీ వస్తే పాత మాటే, కొత్త సాక్ష్యం కాదు.

శారద_జువాలజీ
జూన్ 6, ఉదయం 6:30

వరుస నంబరుతోపాటు ఎన్ని చేతులు మారిందో కూడా లెక్క పెట్టండి. ఎందుకో చెప్తాను.

దండు చీమలని ఉన్నాయి, దక్షిణ అమెరికా అడవుల్లో. కళ్లు సరిగా కనబడవు, ముందున్న దాని వాసన వెంబడే పోతాయి. ఒక్కోసారి వరుస వంగి వంగి తన తోకనే కలుసుకుంటుంది. అప్పుడు అవన్నీ ఒక చక్రంలో తిరుగుతూనే ఉంటాయి, ఆగవు, చాలామట్టుకు అలసి చచ్చిపోయేదాకా. విలియం బీబ్ గయానాలో చూసిన అలాంటి చక్రం గురించి 1921లో రాశాడు. చుట్టుకొలత 1,200 అడుగులు. ఒక చీమ ఒక చుట్టు పూర్తి చేయడానికి రెండున్నర గంటలు పట్టింది. ప్రతి చీమా తన నియమాన్ని సరిగ్గానే పాటించింది. ఎవరూ తప్పు చేయలేదు, దాదాపు అందరూ చచ్చిపోయారు. పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ గొంతు పట్టుకునేది.

ప్రకృతి నుంచి నేర్చుకోవాలంటే అది ఓడిపోయిన చోటు కూడా చూడాలి.

కోడ్_ఖిల్లా
జూన్ 6, ఉదయం 8:15

నెట్‌వర్క్‌లోనూ ఇదే జరుగుతుంది మేడం, లూప్ అంటాం. అందుకే ప్రతి ప్యాకెట్‌కు ఆయుష్షు పెడతాం. చేయి మారినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే పారేయాలి. ఐదు చెరువులకు ఐదు చాలు.

రద్దీ విషయంలో చీమలు మనకంటే ముందున్నాయి. 1986 అక్టోబరులో ఇంటర్నెట్ మొదటిసారి గొంతు బిగుసుకుంది. బర్కిలీ యూనివర్సిటీకీ దాని పక్కనే 400 గజాల దూరంలో ఉన్న ల్యాబుకూ మధ్య సెకనుకు 32,000 బిట్లు పోయేది 40 బిట్లకు పడిపోయింది. వాన్ జేకబ్సన్ దాన్ని సరిచేశాడు. జవాబులు వచ్చే వేగాన్ని బట్టి పంపే వేగం మార్చుకోవడం అందులో ముఖ్యం. 2012లో స్టాన్‌ఫర్డ్‌లో డెబొరా గోర్డన్, బాలాజీ ప్రభాకర్ వాళ్లు ఎడారిలో గింజలు ఏరుకునే చీమలను చూశారు. గింజతో తిరిగొచ్చే చీమలు ఎంత వేగంగా వస్తుంటే అంత వేగంగా కొత్తవి బయటికి పోతున్నాయి. ఇంటర్నెట్‌లో డేటా పంపే పద్ధతి టీసీపీ చేసేది కూడా ఇదే. ఎండకు బయటికి పోతే ఒంట్లో నీరు ఆవిరవుతుంది కాబట్టి ఊరికే పోకూడదు. మనకు బ్యాటరీ ఎట్లనో వాటికి నీరు అట్ల.

పాకాల_పోరడు
జూన్ 19, రాత్రి 10:00

పది రోజులుగా రాత్రిళ్లు కూర్చుని రాశాం. కోడ్_ఖిల్లా తమ్ముడు రెండు ఆదివారాలు బైకు మీద మా ఊరికి వచ్చాడు. అమ్మ ఇద్దరికీ సర్వపిండి చేసి పెట్టింది.

మొదటి సంగతి. పక్కింటి పేర్లు తీసేసి డబ్బాలను వాటంతట వాటినే విననిచ్చాం. రెండో డబ్బాకు మూడోది వినబడుతుందని మాకు తెలుసు. నాలుగోది కూడా వినబడింది! నాలుగో చెరువు కట్ట ఎత్తు, మధ్యలో అడ్డం లేదు. మధ్యలో మూడోది ఉంది కాబట్టి పోయిన ఏడాది మేము ప్రయత్నించనే లేదు. ఒకటో డబ్బాకు మాత్రం రెండోది తప్ప ఎవరూ వినబడరు, తాటివనం అడ్డం. అక్కడ ఒక చెట్టు యజమానిని అడిగి దాని తల దగ్గర ఇంకో రేడియో కట్టాలి.

రెండో సంగతి. మూడోదాన్ని కావాలని ఆపేసి చూశాం. పది నిమిషాలకు ఎర్ర లైటు వచ్చింది, ఒకటో చెరువు మాట మాత్రం రెండు, నాలుగు, ఐదు మీదుగా డాబాకు చేరింది. చిన్నాయన పక్కనే నిలబడి చూశాడు. “మల్ల ఆన్ చెయ్, మల్ల చూద్దాం” అని మూడుసార్లు చేయించాడు.

ఒక కష్టం మిగిలింది. అందరినీ నిమిషం వ్యవధికి లేపినప్పుడు ఒకేసారి మాట్లాడి మాటలు కలిసిపోతున్నాయి. ఒక్కోసారి రెండూ పోతున్నాయి.

శారద_జువాలజీ
జూన్ 20, ఉదయం 6:10

మొదటి వానకు మీ చెరువు కట్ట కింద కప్పలు అరుస్తాయి కదా. ఈసారి ఒకదానికొకటి దగ్గరగా ఉన్న రెండు కప్పలను మాత్రమే వినండి. జపాన్‌లో ఇక్క్యూ ఐహారా అనే ఆయన అక్కడి చెట్టు కప్పలను రికార్డు చేసి చూశాడు. పక్కపక్కన ఉన్న మగ కప్పలు ఒకేసారి అరవవు. ఒకటి ఆగినప్పుడు ఇంకొకటి అందుకుంటుంది. ఆడ కప్పకు తన గొంతు విడిగా వినబడాలి కదా. తర్వాత అందరూ కలిసి కాసేపు ఊరుకుంటారు, అది విశ్రాంతి. ఈ పద్ధతిని వైర్‌లెస్ సెన్సార్లకు వాడొచ్చని వాళ్లే చూపించారు.

నియమం చాలా చిన్నది. నా ముందు అరిచినవాడికీ నా తర్వాత అరిచినవాడికీ సరిగ్గా మధ్యకు జరగాలి. ప్రతి ఒక్కరూ అట్లా జరుగుతూ పోతే కాసేపట్లో అందరికీ సమానంగా ఎడం వస్తుంది.

కోడ్_ఖిల్లా
జూన్ 20, ఉదయం 9:00

మేడం, మీరు చెప్పిన ఆ మధ్యకు జరిగే నియమం డీసింక్ పేరుతో 2007లో హార్వర్డ్ వాళ్లు కోడ్‌గా రాశారు. పది లైన్లు కూడా ఉండదు. ఒక డబ్బా పోతే మిగతావి ఆ ఖాళీలోకి వాటంతట అవే సర్దుకుంటాయి. ఈ రాత్రే పెడదాం అన్నా. ఒకటో డబ్బాకు అందరూ వినబడరు కాబట్టి దానికి కొద్దిగా తేడా వస్తుంది. రెండోది తన మెసేజ్‌లో తాను విన్నవాళ్ల సమయాలు కూడా కలిపి చెప్తే ఆ లోటు తీరుతుంది.

మిరప_చేను
జూన్ 20, మధ్యాహ్నం 2:15

మా అవ్వ చిన్నప్పుడు వానలు రాకపోతే కప్పతల్లి ఆడేవాళ్లట. రోకలికి కప్పను కట్టి, వేపాకులు పెట్టి, ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకునుడు. ఆ కప్ప దగ్గర రేడియో పాఠం కూడా ఉందని ఇవాళ తెలిసింది. మేడం, ఈ మాట మా అవ్వకు చెప్పాను, చాలా సంబురపడ్డది.

పాకాల_పోరడు
జూలై 11, ఉదయం 6:20

రాత్రి వాన పడింది. పెద్ద వరద కాదు, మామూలు ముసురు, కానీ ఒకటో చెరువు ముందే నిండుగా ఉంది.

1:50కి ఒకటో డబ్బా నీళ్లు పెరుగుతున్నాయని చెప్పింది. ఐదు డబ్బాలూ నిమిషం వ్యవధికి వచ్చాయి. డాబా మీద ఐదు పచ్చ లైట్లు ఒకదాని తర్వాత ఒకటి మినుకుమంటున్నాయి. మేడం చెప్పినట్టే సమానంగా, కలిసిపోకుండా. నేనూ తమ్ముడూ గొడుగు కింద నిలబడి చూశాం. 2:35కి మత్తడి పడింది. 3:05కి నాలుగోది ఎర్రగా మారింది. గుండె ఆగినట్టైంది. కానీ మూడోదాని మాట వస్తూనే ఉంది. ఎటునుంచి వస్తోందా అని చూస్తే, తాటివనం దగ్గర మొన్న కట్టిన కొత్త రేడియో ఐదోదానికి అందిస్తోంది. ఆ దారి మేము అనుకున్నది కాదు.

చిన్నాయనకు ఫోన్ చేశాను. ఆయన ఇంకో ఇద్దరిని లేపుకుని మూడున్నరకల్లా శిఖంలో మోటార్లన్నీ గట్టుకు చేర్చాడు. కాజీపేట సార్, ఎర్ర లైటు సంగతి చెప్తే చిన్నాయన అడిగిన మొదటి మాట, “నాలుగో చెరువు సంగతి తెల్వదా? అయితే పడ్డట్టే లెక్క, తీసేద్దాం.”

ఇప్పుడు వాన ఆగింది. నాలుగో కట్ట మీదికి పోతున్నాం. గుంజ వంగిందో, సోలార్ ప్లేటు ఊడిందో చూడాలి. ఈసారి రబ్బరు గ్లాండు, ఎంసీల్ రెండూ సంచిలో వేసుకున్నాను.